సంఘం చేసిన డిగ్రీ బేరం

మా ఊరి మహిళా సంఘంలో బర్రెకు పుట్టినంత తేలిగ్గా మనిషికి అప్పు పుట్టదు. బర్రె వచ్చిన మర్నాడే పాలిస్తుంది, వచ్చే నెల నుంచే వాయిదా కట్టిస్తుంది. నేనేమో మెడికల్ అసిస్టెంట్ డిగ్రీ చదువుతాను, లక్షన్నర ఇవ్వమని అడిగాను. పదిమంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు.

"ఎన్నేండ్లకు జీతమొస్తది?" అని అడిగింది సంఘం లీడర్ లక్ష్మీబాయి.

"మూడేండ్లు సదవాలె పెద్దమ్మా. తర్వాత నెలకు ముప్పై వేలు. కోదాడ కాలేజీ సార్ ఫోన్ల చెప్పిండు."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట!" అంది లెక్కలు రాసే సరోజనత్త. అందరూ నవ్వారు. మా అమ్మ సోమమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. సంఘం ఇస్తేనే చదువు, బయట మిత్తికి అప్పు తెచ్చేది లేదని ఇంట్లో ముందే తేల్చి చెప్పిన మనిషి ఆవిడే. కాలేజీల్లో చేరడానికి సోమవారమే ఆఖరు.

"బర్రెను కొనేముందు మూడు పూటలు పిండి సూసుకుంటం. ఈ డిగ్రీని గూడ సూడాలె. రేపు కోదాడ పోదాం," అంది లక్ష్మీబాయి. తండాలో ఎనిమిది బర్రెలున్న ఆమె దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే, పాలిచ్చేవీ ఇవ్వనివీ. నేనెందులోకి వస్తానో తేల్చడానికి మర్నాడు అమ్మనూ నన్నూ బస్సెక్కించింది.

కోదాడ కాలేజీ ఆయన మాకు కుర్చీలు వేయించాడు. "మీరేం కంగారుపడకండమ్మా. ముప్పై వేలకి తగ్గదండి. ఫీజు ఏడాదికి యాభై వేలేనండి. హాస్టల్ మాత్రం వేరేనండి."

హాస్టల్ మాట ఫోన్లో చెప్పనేలేదు. అమ్మ నా వైపు చూసింది.

"ముప్పై వేలు తెస్తున్న ముగ్గురు పిల్లలను సూపియ్యుండ్రి సారూ," అంది లక్ష్మీబాయి. ఆయన గోడ మీది ఫ్లెక్సీ చూపించాడు.

"ఫొటోలు కాదు, మనుషులను సూపియ్యుండ్రి. బర్రెను నీళ్లల్ల ఉంచి బేరమాడితే ఎట్ల?"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన మమ్మల్ని వదిలించుకోవాలని, ఫ్లెక్సీలో ఉన్న రజిత అనే అమ్మాయి మిర్యాలగూడలో పనిచేస్తోందని ఆస్పత్రి పేరు చెప్పాడు. అటునుంచి అటే మిర్యాలగూడ పోయాం.

రజిత నీలం డ్రస్సులో బయటికొచ్చింది. రక్తం తీయడం, ఈసీజీ పెట్టడం, కట్లు కట్టడం, అన్నీ తన పనేనని చెప్పింది. "అయితే నాకు బీపీ సూడు," అని లక్ష్మీబాయి చేయి చాపింది. రజిత చూసి, ఉప్పూ తొక్కుపచ్చళ్లూ తగ్గించమని నిదానంగా, అర్థమయ్యేలా చెప్పింది. లక్ష్మీబాయి ఎదురు మాట్లాడకుండా వినడం నేను అదే మొదటిసారి చూడటం.

"జీతమెంత బిడ్డా?"

"పన్నెండు వేలు పెద్దమ్మా. ముప్పై మా బ్యాచిల ఎవ్వలకు రాలే. కొన్నేండ్లు చేస్తే ఇరవై దాక అయితది. నన్ను ముంచింది హాస్టల్ ఖర్చు. గిదే డిగ్రీ సూర్యాపేటల ఏడాదికి నలభై వేలకే ఉన్నది, మీ ఊరి నుంచే రోజూ బస్సుల పోయి రావొచ్చు."

"మరి ఎందుకు సదివినవ్?" అని అడిగింది అమ్మ.

"మా అక్క పత్తి ఏరుతది. ఆమెకు మూన్నెల్లే కూలి. నాకు పన్నెండు నెలలు జీతమొస్తది."

తిరుగు బస్సెక్కాం. ముప్పై కాస్తా పన్నెండయింది, ఇక నా చదువు ఖతమే అనుకుని కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ ఆదివారం సంఘంలో లక్ష్మీబాయి ఏదీ దాచలేదు. సరోజనత్త పెదవి విరిచింది. "సూర్యాపేటల సదివినా లక్షా ఇరవై వేలు. వచ్చే నెల నుంచే వాయిదా కట్టాలె. మూడేండ్లు ఈ పిల్ల యాడికెల్లి కడ్తది?"

నేను లేచి నిలబడ్డాను.

"కూసోవే," అంది లక్ష్మీబాయి. "మనమే లెక్క తప్పినం. పాడిబర్రె అనుకొని బేరమాడినం. ఇది పెయ్య. పెయ్య మీద ఎవ్వలన్న అప్పిస్తరా? పాలికి మేపుతరు."

పాలికి మేపడమంటే ఒకరి దూడను ఇంకొకరు పెంచి, అది ఈనాక వచ్చే లాభం చెరిసగం పంచుకోవడం.

"అప్పు సోమమ్మ పేరు మీద తీద్దాం. ఈ మూడేండ్లు వాయిదాలు తలా ఇంత ఏసి కడ్దాం. జీతమొచ్చినంక పిల్ల మనకు కడ్తది. నేనున్న. ఇంకెవ్వలు?"

అందరికంటే ముందు సరోజనత్త చేయెత్తింది. తర్వాత ఒక్కొక్కరే ఎత్తారు. ఇద్దరు ఎత్తలేదు. వాళ్లకూ పిల్లలున్నారు, నేను తప్పు పట్టను. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. నాకు సంతోషంతో పాటు భయం కూడా పట్టుకుంది.

"పెద్దమ్మా, నా జీతంల సగం మీకియ్యాల్నా?"

"నీ జీతం మాకెందుకే? మేం కట్టింది కడ్తే సాలు. దవాఖానకు పోతే మమ్ములను ఎవ్వలు నిలవడి పలకరియ్యరు. డాక్టరు ఏం చెప్పిండో, ఏ గోలి ఎందుకిచ్చిండో తెల్వకుండనే వాపసొస్తం. గది నువ్వు మాకు కూసోబెట్టి చెప్పాలె. మా సగం గదే."

ఆ బాకీ బతికున్నన్నాళ్లూ తీరదని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. సోమవారం పొద్దున సూర్యాపేట కాలేజీలో చేరాను.