నెమ్మదించలేదు

కొల్లేటికోటలో జ్వరం తగ్గినా నెమ్మదించిందంటారు, గాలివాన వెలిసినా నెమ్మదించిందంటారు. ఆదివారం గుడిలో మోకరించి నెమ్మది ఇమ్మని ప్రభువును అడుగుతారు. అంత మంచి మాట వింటేనే పాపమ్మకు ఇప్పుడు ఒళ్లుమంట.

మనవరాలు ప్రీతికి ఏడేళ్లు. బడిలో పిల్లల్ని కరిచేది, చేతికందింది విసిరేది, పట్టుకోబోతే గట్టు తెగిన నీళ్లలా ఉరికేది. నెమ్మదిస్తేనే పంపండన్నారు టీచర్లు. కొడుకు ఎలీయాజరు ఏలూరు తీసుకెళ్తే డాక్టరు సిరప్ రాశారు. అది తాగినప్పటి నుంచీ పిల్ల కరవడం మానేసింది. నవ్వడమూ మానేసింది. నోట్లో ముద్ద ఉండగానే తూగేది. ఊరంతా అమ్మయ్య అంది. పాపమ్మ అనలేదు.

ఈసారి తనూ బయల్దేరింది. ఏలూరులో బస్సు దిగేసరికి ప్రీతి ఆవిడ భుజం మీద ఆదమరిచి నిద్రపోతోంది. ఆస్పత్రిలో నర్సు పేరు పిలిచింది.

"లేచాక వస్తామమ్మా, వెనకవాళ్లని పంపు."

"అదేంటండీ మామ్మగారూ! ఎత్తుకుని వచ్చేయండి, చూసి పంపేస్తారు."

"మొదటిసారి బస్సు నిద్ర, తర్వాత మందు నిద్ర. కరిచే పిల్లని ఆయనెప్పుడు చూశారమ్మా?"

"అమ్మా, అందరూ చూస్తున్నారే," అని ఎలీయాజరు గొణిగాడు.

"చూడనీరా. చూడనిది ఆ డాక్టరుగారొక్కరే."

లోపలికి వెళ్లేవాళ్లు వెళ్తున్నారు, వచ్చేవాళ్లు వస్తున్నారు. బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. ఇక సాయంత్రం రండంటూ నర్సు ఇనప కుర్చీని బరబరా ఈడ్చింది. ప్రీతి ఉలిక్కిపడి లేచింది. చెవులు మూసుకుని కెవ్వుమంది. బల్లను తన్నింది, నాయనమ్మ మణికట్టు కరిచింది. నెమ్మది, నెమ్మది అంటూ అటెండరు పరిగెత్తుకొచ్చాడు. పాపమ్మ పిల్లని చంకనేసుకుని తలుపు తోసింది.

డాక్టరు బ్యాగు సర్దుకుంటున్నారు. "ముందు పాపని ఊరుకోబెట్టండమ్మా." పాపమ్మ పిల్లతో సహా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఊరుకోబెట్టడానికి మీ దాకా ఎందుకండీ, సీసా మా ఇంట్లోనే ఉంది. చెరువులో చేప కదలకుండా తేలితే నెమ్మదించిందని సంబరపడతామా అండీ? గాలాడట్లేదేమో అని చూసుకుంటాం. దీనికెక్కడ గాలాడట్లేదో చూడండి. చూసేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

డాక్టరు ఆవిడ మణికట్టు చూశారు. చెవుల మీది చిన్న చేతుల్ని చూశారు. బ్యాగు కింద పెట్టారు.

"ఎప్పటి నుంచి ఇలా చెవులు మూసుకుంటోంది?"

ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగారుగా, ఇక పాపమ్మ ఆగుతుందా? ఉయ్యాలనాటి బ్యాండుమేళంతో మొదలుపెట్టి, మిక్సీ మోత, ప్రార్థన గంట, బడి బెల్లు, ఒకటీ వదల్లేదు. మధ్యలో టీ వచ్చి చల్లారింది. డాక్టరు రాసుకుంటూనే ఉన్నారు.

"మందు కొద్దికొద్దిగా తగ్గిద్దాం. మీరై మీరు ఆపకండి. వినికిడి పరీక్ష చేయిద్దాం. వారం వారం తీసుకురండి, మోత తట్టుకోవడం పాపకీ నేర్పాలి, అప్పుడు పాపని చూసుకోవడం మీకూ నేర్పాలి. తొందరగా తగ్గుతుందని మాత్రం మాటివ్వలేనమ్మా."

"మాటెవరడిగారండీ? మెలకువగా ఉన్న పిల్లని చూడమన్నాను, చూశారు. ప్రతివారం ఇలాగే తెస్తాను, మీ బల్లలు జాగ్రత్త!"

ఊళ్లో ఆటో దిగుతుంటే పక్కింటి రత్నమాణిక్యం ఎదురొచ్చింది. "నెమ్మదించిందా వదినా?"

"లేదే. మేలుకుంది," అని పాపమ్మ గాజు పైకి తోసి పంటి గాటు చూపించింది.