ఫోన్‌లోని సంతానలక్ష్మి

కినత్తుకడవు అనే తమిళ ఊరి దగ్గర నల్లసామికి నాలుగెకరాల కొబ్బరితోపు ఉంది. వయసు యాభై తొమ్మిది. భార్య పోయి ఆరేళ్ళయింది. అక్క పాపమ్మాళ్ అదే ఇంట్లో ఉంటుంది. తమ్ముడికి వండిపెట్టడం, తమ్ముడి తప్పులు ఎత్తిచూపడం, ఈ రెండు పనులూ ఆమె శ్రద్ధగా చేస్తుంది.

ఆ వేసవిలో ఫేస్‌బుక్‌లో సంతానలక్ష్మి అనే ఆమె నల్లసామి స్నేహం కోరింది. ఫోటోలో మామిడిమొక్కల మధ్య నిలబడి నవ్వుతోంది. తమది పెరియకుళమనీ, మీలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబమేననీ, భర్త పోయాక తోట ఒక్కతే చూసుకుంటున్నాననీ తమిళంలో రాసింది. నల్లసామి చదివిందీ తమిళమే. ఇంట్లో మాట్లాడే తెలుగు నోటికి వచ్చు గానీ చేతికి రాదు. అందుకని అతనికి అందులో వింతేమీ కనబడలేదు.

పొద్దున ఆరింటికి లేచారా అని, మధ్యాహ్నం తిన్నారా అని ఆమె అడిగేది. వారం తిరిగేసరికి నల్లసామి మీసానికి రంగు పడింది. తోపుకు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళడం మొదలుపెట్టాడు. కాయలు దింపేవాళ్ళు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. పాపమ్మాళ్ ముఖం తిప్పుకోకుండానే నవ్వింది.

ఒకసారి ముఖం చూపించమని అతను అడిగితే, ఫోన్‌లో కెమెరా పాడైందని రాసింది. బాగుచేయించుకోమని ఎనిమిది వేలు పంపాడు. కెమెరా బాగయింది, ఈసారి తోటలో సిగ్నల్ పోయింది. నెల తిరక్కుండా, భర్త బ్యాంకు ఖాతా విడిపించుకోవడానికి వకీలుకు అరవై వేలు కావాలనీ, ఇది మన మధ్యే ఉండాలనీ రాసింది.

అంత సొమ్ముకు బ్యాంకు డిపాజిట్ తీయాలి, ఆ కాగితం పాపమ్మాళ్ పెట్టెలో ఉంది. ఇమ్మంటే ఎందుకని ఆమె అడిగింది. అబద్ధం ఆడటం చేతకాక నల్లసామి అంతా చెప్పేశాడు. ఆమె అరవలేదు. ఆ సంతానలక్ష్మి గొంతు ఎప్పుడైనా విన్నావా అని మాత్రం అడిగింది. వినలేదన్నాడు.

"ఆయమ్మ మనోళ్ళే అంటాండావు కదా తంబీ. రాయొద్దు. మన ఇంటి మాటలో నోటితో చెప్పి పంపు. ఏమంటుందో చూస్తాం."

నల్లసామి గొంతు సవరించుకున్నాడు. మా తోపులో ఎర్రపురుగు పడిండాది, మీ పక్క దానికి ఏ మందు కొడతారు అని అడిగి పంపాడు. పది నిమిషాలకు జవాబు వచ్చింది. చాలా మధురమైన పాట, మీ గొంతు నా హృదయాన్ని తాకింది అని ఉంది.

పాపమ్మాళ్ నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. "పురుగుమందు పాట పాడినావా తంబీ."

పెరియకుళం పక్క యాస వేరేమో, అర్థం కాలేదేమో అని నల్లసామి వాదించాడు. సరే, అరవై వేలు పంపే ముందు బస్సు చార్జీ పెట్టి చూద్దామంది పాపమ్మాళ్. ఆ మాట అతనికి నచ్చింది. ఎలాగూ ఒకసారి వెళ్ళాలనే ఉంది.

పొల్లాచ్చిలో ఒక బస్సు, పళనిలో ఇంకొకటి మారి మధ్యాహ్నానికి పెరియకుళం చేరారు. ఒక ఫోటోలో ఆమె వెనక మొక్కల తోట బోర్డు ఉంది. అది చూపిస్తే ఆటో అతను నేరుగా అక్కడికే తీసుకెళ్ళాడు.

సంతానలక్ష్మి నిజంగానే ఉంది. కింద కూర్చుని సంచుల్లో మట్టి నింపుతోంది. అదే ముఖం. నల్లసామి జుట్టు సవరించుకుని తన పేరు చెప్పాడు. ఆమె మర్యాదగా చూసి, ఎన్ని మొక్కలు కావాలని అడిగింది. అప్పుడే అతనికి అర్థమైపోయింది. చేతిలోని ఫోన్ ఎక్కడ దాచుకోవాలో తోచలేదు. పాపమ్మాళ్ దాన్ని మెల్లగా తీసుకుని ఆమెకు చూపించింది.

సంతానలక్ష్మి నాలుగు మెసేజీలు చదివి, లోపలికి చూసి భర్తను పిలిచింది. తర్వాత నల్లసామి వైపు తిరిగింది.

"అణ్ణా, మీరు మూడో ఆయన. ముందు వచ్చినాయన కంబం నుంచి ఒక బుట్ట ద్రాక్ష తెచ్చినాడు, పావం."

నీళ్ళ గొట్టం వదిలేసి ఆమె భర్త గణేశన్ వచ్చాడు. "ఈ తడవ నేను ఎట్ల చచ్చినానంట?"

"గుండెనొప్పితో," అన్నాడు నల్లసామి, తల ఎత్తకుండా.

"పోయిన తడవ లారీ కింద పడినాను. ఇది మేలు."

నల్లసామికి కూడా నవ్వు వచ్చింది. వచ్చాక ఆపుకోవడం కష్టమైంది.

మొక్కలు అమ్ముకోవడానికి తాను పెట్టుకున్న ఫోటోలను ఎవరో ఎత్తుకుపోయి, తన పేరుతోనే వేరే పేజీలు పెడుతున్నారని సంతానలక్ష్మి చెప్పింది. ఒకటి మూయించేసరికి ఇంకొకటి పుడుతోందట. అసలు పేజీకి తొమ్మిదేళ్ళు. నల్లసామితో మాట్లాడిన పేజీ పుట్టి రెండు నెలలే, అందులో ఆమె చుట్టం ఒక్కరూ లేరు. ముఖం చూపించనివాళ్ళు, ఎవరికీ చెప్పొద్దని కాసు అడిగేవాళ్ళు ఎంత తీయగా రాసినా నమ్మొద్దంది. గణేశన్ అక్కడికక్కడే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ కలిపి ఇచ్చాడు. నల్లసామి ఫిర్యాదు రాయించాడు. ఆ ఎనిమిది వేలు ఇంతవరకు రాలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు పళని దాటింది.

"కాసు పోయినదానికి కాదక్కా," అన్నాడు నల్లసామి. "తిన్నావా అని అడిగేదానికి ఒకరు ఉండారని ఉండె."

ఆ మాట పాపమ్మాళ్ రోజుకు మూడుసార్లు అడుగుతుంది. ఆమె కొంగుతో కిటికీ దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

మరునాడు నల్లసామి, పెరియకుళం తోటలో నలుగురూ కలిసి దిగిన ఫోటో తన పేజీలో పెట్టాడు. ఈమె పేరుతో ఎవరైనా కాసు అడిగితే ఇవ్వకండి, ఈమె భర్త బాగున్నాడు అని తమిళంలో రాసి, కింద తన ఫోన్ నంబరు పెట్టాడు. దాన్ని చాలామంది పంచుకున్నారు. తర్వాత అప్పుడప్పుడూ ముక్కూమొహం తెలియని మగవాళ్ళ నుంచి ఫోన్లు రాసాగాయి. వాళ్ళు కాసేపు కొబ్బరి ధర అడుగుతారు, కాసేపు వాన సంగతి అడుగుతారు, తాము పంపిన కాసు సంగతి మాత్రం నోటికి రాక ఆగుతారు. నల్లసామి తొందరపెట్టడు. ఆ ఫోన్లు పాపమ్మాళ్‌కు మాత్రం ఇవ్వడు, నవ్వకుండా వినడం ఆమె వల్ల కాదు.