తొలి గుడ్లు

చిటికెడు మేత నీళ్ల మీద చల్లబోతూ ఆయమ్మ చెయ్యి మధ్యలోనే ఆపేసింది. రోజూ మూత తీసిన చప్పుడుకే నోళ్లు తెరుచుకుని పైకొచ్చే మూడు చేపల్లో ఇవాళ ఒక్కటీ రాలేదు. రెండు అడుగున, పగిలిన పూలకుండీ ముక్క దగ్గరున్నాయి. మూడోది గాలిగొట్టం వెనక మూలకు నక్కి, అద్దానికి అతుక్కుపోయినట్టు ఉంది. దాని తోక చివర చిరిగిపోయింది.

జబ్బు చేసిందా, నీళ్లు పాడయ్యాయా, నిన్న తొట్టె కడిగినప్పుడు తనే ఏమైనా చేసిందా? ఏం జరిగినా ముందు తన తప్పేమిటో వెతుక్కోవడం ఆమెకు అలవాటు.

ఒంగి, అద్దానికి ముఖం ఆనించి చూసింది. గోరంత ఉన్నప్పుడు తెచ్చిన చేపలవి. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్త, మంచం దిగలేని తల్లికి కాలక్షేపంగా ఉంటుందని, తోటి పనివాడి ఇంటినుంచి తొట్టెతో సహా మోసుకొచ్చాడు. బూడిదరంగు ఒంటి మీద నల్లటి చారలు. ఇంకా బొటనవేలంత కూడా ఎదగలేదు. అలాంటిది, కుండీ దగ్గరున్న రెంటిలో చిన్నదాని పొట్ట నారింజ రంగుకి తిరిగింది. పెద్దదాని చారలు సిరా పూసినట్టు నల్లబడ్డాయి. రెండూ వంతులేసుకుని కుండీ ముక్క లోపలి గోడని నోటితో గీకి శుభ్రం చేస్తున్నాయి. నోటినిండా ఇసక తీసుకెళ్లి అవతల ఉమ్మి వస్తున్నాయి. మూలనున్నది కాస్త కదిలిందో లేదో, పెద్దది రివ్వున దాని మీదికి పోయింది.

"అత్తయ్యా, ఇవి కొట్టుకు చస్తున్నాయి!"

తొట్టె ఎదుటి మంచంలో దిండుకి ఆనుకుని కూర్చున్న అత్తగారు బోసినోటితో నవ్వింది. "కొట్టుకోవడం కాదే పిల్లా. కాపురం పెడుతున్నాయి."

"ఇంత చిన్నవా?"

అత్తగారు కోడలి ముఖంలోకి ఓసారి చూసి, చూపు మళ్లీ చేపల మీదికి తిప్పుకుంది.

ఆయమ్మ టీ వడపోసే జల్లెడతో మూడో చేపని పట్టి బకెట్లోకి వదిలింది. సగం నీళ్లు నేలమీద పోసింది. నేల తుడిచి, అత్తగారి చంకల కింద చేతులేసి లేపి, స్నానాలగదికి నడిపించి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టింది. ఆ కాస్త దూరానికే ముసలావిడ పెదాలు నీలంగా మారతాయి. గుండె పనిచెయ్యడం సగానికి సగం తగ్గిందని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆయమ్మకి ఇల్లు వదిలి వెళ్లాలంటే కాళ్లు రావు. నీళ్లు, మాత్రలు, ఫోను చేతికందేలా పెట్టింది.

"లేవకండి. ఏదైనా అయితే ఫోన్ చెయ్యండి."

"ఏమవుతుందే నాకు? వెళ్లు, బస్సు పోతుంది."

*

ఆఫీసులుండే పెద్ద భవనంలో, కింది అంతస్తున పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది. పనికెళ్లే తల్లులు పొద్దున దింపి సాయంత్రం తీసుకెళతారు. రెండు గదులు, గోడలకి రంగు కాగితాల పిట్టలు, పాలసీసాలు ఉడికించే వాసన. ఆయమ్మ జుట్టు నెరిసింది ఇక్కడే. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మేనేజరుకీ, తల్లులకీ, మాటలు వచ్చీరాని పిల్లలకీ ఆమె ఆయమ్మే. ఆమె ఒకనాడు సెలవు పెడితే తప్ప ఆమె ఉన్నట్టు ఎవరికీ గుర్తు రాదు.

పిల్లలు నిద్రపోయాక మిగతా పనివాళ్లు కాళ్లు చాపుకుంటారు. ఆయమ్మ మాత్రం ఉయ్యాల తర్వాత ఉయ్యాల దగ్గరికి వెళ్లి, ఒక్కో పసివాడి ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. వెచ్చటి గాలి తగిలాక పక్క ఉయ్యాలకి వెళుతుంది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది.

"అందరూ ఉన్నారా, ఎవరైనా గోడ దూకి పారిపోయారా?" అంటుంది వంటావిడ రోజూ. ఆయమ్మ నవ్వుతుంది. ఎందుకలా చూస్తావని ఎవరూ అడగలేదు.

ఆవేళ ఒక కొత్త తల్లి వచ్చింది. ఇంకా బుగ్గల మీద మొటిమలు పోని పిల్ల. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బిడ్డని అందించి, మళ్లీ లాక్కుని, మళ్లీ అందించింది.

"బోర్లా పడుకోబెట్టకండి. దుప్పటి ముఖం మీదికి రాకుండా చూడండి. వీడు నిద్రలో ఒక్కోసారి చప్పుడు చెయ్యడు, నాకు భయమేస్తుంది..."

"నేను చూస్తానమ్మా."

"మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కడు," అంది ఆయమ్మ.

"ఏం చేస్తాడు?"

ఆయమ్మ బిడ్డని భుజం మార్చుకుంది. "లేడమ్మా," అని మెల్లగా అంది. ఆ పిల్ల ముఖంలో రక్తం ఇంకిపోవడం చూసి, ఆ మాట ఎందుకన్నానా అని తనే హడలిపోయింది. "నువ్వెళ్లు. వీడి పక్కనుంచి కదలను."

నిజంగానే కదల్లేదు. భోజనం కూడా ఉయ్యాల పక్కన నిలబడే తింది. అందుకే బల్లమీద ఫోను మోగడం వినపడలేదు. తర్వాత చూసుకుంటే ఇంటినుంచి వచ్చిన పిలుపు.

అత్తగారు ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఆయమ్మ తిరిగి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మంచం పక్కన నేలమీద పడివున్న మనిషి, దొర్లిపోయిన మాత్రలు, అందని ఫోను, అన్నీ కళ్లెదుట కనిపించాయి. చంకలో పసివాడు ఏడుపు ఆపి, ఆమె ముఖం వంక వింతగా చూస్తున్నాడు.

"వాణ్ణిలా ఇవ్వు," అంది వంటావిడ. "నువ్వు వణుకుతుంటే ఉయ్యాల ఊపుతున్నావనుకుంటున్నాడు పాపం."

ఈసారి ఫోను ఎత్తారు.

"ఏంటే అన్నిసార్లు చేస్తున్నావ్?"

"మీరేగా చేశారు! ఏమైంది? పడిపోయారా? ఆయాసంగా ఉందా?"

"గుడ్లు పెట్టింది."

ఆయమ్మ గోడకి జారగిలబడింది.

"ఆవగింజలంత ఉన్నాయి, తేనెరంగు," అత్తగారు ఊపిరి తీసుకుంటూ చెబుతోంది. ఆ గొంతులో అంత ఉత్సాహం ఆయమ్మ ఎన్నడూ వినలేదు. "కుండీ లోపల వరసగా అంటించింది. పక్కనే నిలబడి రెక్కలతో విసురుతోంది చూడూ, జ్వరమొచ్చిన పిల్లకి విసిరినట్టు! వాడేమో వాకిట్లో కాపలా. నువ్వు తొందరగా రా."

*

ఫోను పెట్టేశాక కాసేపు ఆయమ్మకి హాయిగానే ఉంది. కొత్త తల్లి వచ్చి, బిడ్డని గుండెకి హత్తుకుని తీసుకెళ్లేదాకా ఉంది. బస్సు దిగేసరికి ఆ హాయి చల్లబడి, లోపల మళ్లీ పాత గుబులు మొదలైంది. అంత చిన్న చేపలు. అన్ని గుడ్లు. వాటికేం పెట్టాలి, నీళ్లు మార్చాలా వద్దా? వీధి చివర చేపలమ్మే కొట్టు కనిపిస్తే లోపలికి వెళ్లింది.

కొట్టతను వలతో తొట్టె కలుపుతూ, తల తిప్పకుండానే విన్నాడు.

"ఎన్నాళ్ల చేపలమ్మా?"

"మొన్న మొన్నటిదాకా గోరంత ఉండేవి."

"అయితే తినేస్తాయి."

"ఏమిటీ?"

"గుడ్లు. చారల చేపలు ఎదగకముందే గుడ్లు పెడతాయమ్మా, అదో తొందర వాటికి. మొదటిసారి ఏం చెయ్యాలో తెలీదు. ఎవరైనా గబుక్కున దగ్గరికొచ్చినా, వెలుతురు పడినా బెదిరిపోయి అవే మింగేస్తాయి." అతను నవ్వాడు. "మీరేం కంగారు పడకండి. రెండోసారికో మూడోసారికో నేర్చుకుంటాయి."

ఆయమ్మ కొట్టు బయటికి వచ్చి నిలబడింది. ఎదురుగా సైకిళ్లూ, మనుషులూ పోతున్నారు. ఆమెకి మాత్రం ఒక తెల్లవారుజాము కనిపిస్తోంది. పదహారేళ్ల తను, పక్కలో మూడు నెలలైనా నిండని కొడుకు. పాలు తాగి పడుకున్నాడు. తను కూడా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచేసరికి వాడు చల్లగా ఉన్నాడు. తన చెయ్యి వాడి మీద ఉందా, పక్కన ఉందా? ఎంత గుర్తు చేసుకున్నా ఆ ఒక్కటీ గుర్తు రాదు. అత్తగారు వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బిడ్డని తన చేతుల్లోంచి తీసుకుంది. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మళ్లీ కడుపు పండలేదు. ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ రాలేదు. అన్నేళ్లుగా ఆ మౌనానికి జడుస్తూనే ఆయమ్మ అత్తగారికి అన్నం పెట్టింది, నీళ్లు పోసింది, కాళ్లు పట్టింది.

గుడ్లు ఉండాలి, ఆ గుడ్లు ఉండాలి అనుకుంటూ ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

కుండీ ముక్క లోపల ఖాళీగా ఉంది. రెండు చేపలూ ఎడమెడంగా, ఏమీ జరగనట్టు తిరుగుతున్నాయి.

అత్తగారు మంచం మీద పడుకుని ఉంది. ముఖం బాగా అలసిపోయింది. కోడలు తొట్టె ముందు అలా నిలబడిపోవడం చూసి, "తినేశాయి," అంది. "ఇద్దరూ కలిసే తిన్నారు. ఇందాకే."

"చిన్నవి కదా అత్తయ్యా. తెలీదంట."

"నువ్వూ చిన్నదానివే."

ఆయమ్మ వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్లుగా రావాల్సిన మాట ఇప్పుడొస్తుందనుకుంది.

"ఇలా రా. కూర్చో." అత్తగారు కాస్త ఆగి, ఊపిరి కూడదీసుకుంది. "ఆ రోజు నేను నోరు విప్పలేదు. నిన్ను అనుమానించాననుకున్నావు కదూ?"

ఆయమ్మ తలవంచుకుంది.

"నా మొదటిది కూడా అలాగే పోయిందే. మీ ఆయన పుట్టకముందు. ఆడపిల్ల. నా పక్కలోనే. వాడికి కూడా చెప్పలేదు నేను. నీ చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుంటే నాది మళ్లీ నా చేతుల్లోకి వచ్చినట్టయింది. ఇంకేం మాట్లాడను? ఇవాళా రేపూ అనుకుంటూ ఇన్నేళ్లు జరిగిపోయాయి." ఎముకలు తేలిన చెయ్యి కోడలి చేతిని వెతికి పట్టుకుంది. "నువ్వేం చెయ్యలేదు. నేనూ ఏం చెయ్యలేదు. ఊరికే పోయారు వాళ్లు."

ఆయమ్మ ఏడ్చింది. చాలాసేపు, చిన్నపిల్లలా, మంచంపట్టెకి తల ఆనించి ఏడ్చింది. అత్తగారు ఆమె తల నిమురుతూనే ఉంది.

"చాల్లే, టీ పెట్టు," అంది చివరికి. "నీ ఏడుపుకి నాకు గొంతెండిపోతోంది."

ఆయమ్మ ముఖం కడుక్కుని పాలు పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగి, టీ మరిగి, గ్లాసులో పోసేదాకా ముందుగది నిశ్శబ్దంగానే ఉంది. తను ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడలేదని ఆమె గమనించలేదు. గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారి తల గోడవైపు ఒరిగి ఉంది. చెయ్యి, ఇందాక కోడలి తల ఉన్నచోటే, వెల్లకిలా ఉంది.

టీ పెట్టడానికి ఎందుకెళ్లాను, మందు ఇచ్చానా లేదా అని ఆయమ్మ ఎప్పట్లాగే తప్పు వెతుక్కోవడం మొదలుపెట్టింది. మొదలుపెట్టి, ఆగింది. గ్లాసు కింద పెట్టి వచ్చి ఆ చేతిలో తన చెయ్యి పెట్టుకుని, భర్త డిపో నుంచి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

*

మనుషులొచ్చి, చెయ్యాల్సినవన్నీ చేసి వెళ్లిపోయారు. మంచం మడిచి గోడకి చేర్చారు. గ్రీజు వదలని చేతులతో భర్త తొట్టె ముందు కూర్చుని, "ఇదెవరు వేశారు?" అని అడిగాడు.

ఆయమ్మ అప్పుడు చూసింది. తొట్టెకి కిటికీవైపు, ఎండ పడే పక్కన, అత్తగారి ముఖం తుడుచుకునే తువ్వాలు వేలాడుతోంది. పై అంచు మూత కింద దోపి ఉంది. మంచానికీ ఆ కిటికీకీ మధ్య గదంతా ఉంది. ఆవిడ ఎలా లేచిందో, ఏం పట్టుకుని అక్కడిదాకా నడిచిందో ఎవరికీ తెలీదు.

భర్త తీయబోతే ఆయమ్మ వద్దంది. నీళ్లలోకి జారిన పై అంచు ఇంకా తడిగానే ఉంది. గాలి వచ్చినప్పుడల్లా తువ్వాలు కొద్దిగా కదిలి, మళ్లీ అద్దానికి ఆనుకుంటోంది.