పైనుంచి చూస్తే మా వీధి

తడి దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే — ఫట్!

ఆ చప్పుడుతోనే మా వీధి నిద్ర లేస్తుంది.

మొహం మీద సన్నటి తుంపర. సబ్బు వాసన. దాని వెనకే ఎండ వాసన... ఎండకు వాసనేమిటి అనేవాళ్ళు అప్పుడే ఆరిన దుప్పటిలో ఎన్నడూ మొహం పెట్టి ఉండరు. వాళ్ళను చూస్తే నాకు జాలి.

మాది ఉతికేవాళ్ళ వీధి. ఆస్పత్రి దుప్పట్లు, లాడ్జీల దిండు గలీబులు, హోటళ్ళ బల్లగుడ్డలు — ఊళ్ళో తెల్లగా ఉండాల్సినవన్నీ నల్లగా మా దగ్గరికి వస్తాయి. తెల్లగా తిరిగి వెళతాయి.

ఇంటి ముందు భాగంలో ఇస్త్రీ బల్ల, అక్కడ మా ఆయన. వెనక వసారాలో తొట్లు, అక్కడ నేను. నడిమి గదిలో మా కాపురం. పైన డాబా నిండా దండేలు, అక్కడ మా అత్తగారి రాజ్యం.

దండేలు మా డాబాతో ఆగవు. వీధి దాటి ఎదురింటికి, ఎదురింటి నుంచి దాని పక్కింటికి... ఎవరి తాడు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముడిపడిందో ఎవరూ చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో వీధి మధ్య నిలబడి తలెత్తి చూశాను. ఆకాశం లేదు. గుడ్డలు, గుడ్డల్లో గాలి. "ఇక్కడ వాన కూడా వడకట్టుకుని పడుతుందేమో" అన్నాను మా ఆయనతో. కొత్త పెళ్ళాన్ని కాబట్టి నవ్వాడు. ఇప్పుడైతే వినిపించుకోడు.

మాకో అలవాటు ఉంది.

ముసురు విడిచి మొదటి ఎండ కాసిన రోజున వీధిలో ఉన్న ప్రతి గుడ్డా బయటికి రావాలి. అన్నాళ్ళూ గదుల్లో ముక్కిపోయినవన్నీ ఆ ఒక్కరోజే ఆరాలి. తాళ్ళ మీద, పిట్టగోడల మీద, మెట్ల మీద, వీధికి అడ్డంగా. ఆ రోజు ఆరేసే పని మానుకుని పొయ్యి వెలిగించిన వాళ్ళను మా వీధి సోమరుల కింద జమ కడుతుంది.

అలాంటి రోజునే అది వచ్చింది.

నెత్తి మీద జుమ్మని రొద. చూస్తే చిన్న యంత్రం, రెక్కలు గిరగిరా తిప్పుకుంటూ, గాల్లో కదలకుండా నిలబడి ఉంది. అత్తగారు నడుం మీద చేయి వేసుకుని దాని వంక గుర్రుగా చూసింది.

"దీని రెట్ట గనక నా దుప్పట్ల మీద పడిందో..." అంటూ కర్ర ఎత్తింది.

అది రెట్ట వేయలేదు. ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ ముసురు పట్టకముందే జిగురు డబ్బాతో ఒక మనిషి వచ్చాడు. మా ఇంటి గోడకు కాగితం అంటించాడు. ఎండన పడి వచ్చాడేమో, మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగి, గ్లాసు చేతికిచ్చి, "చల్లగా ఉండు తల్లీ" అని వెళ్ళాడు.

మా ఆయన పైకి చదివాడు. ప్రభుత్వం గిడ్డంగులు కట్టడం కోసం ఈ స్థలాన్ని తీసుకుంటోంది. ఇక్కడ ఇళ్ళు లేవు. మనుషులు లేరు. ఖాళీ స్థలం. మనుషులు లేరు కాబట్టి ఎవరికీ వేరే చోటు చూపించే పని కూడా లేదు.

లేని గోడకు ఆ కాగితం బాగానే అంటుకుంది.

మామగారు ఇటుక ఇటుకా మోసుకొచ్చి కట్టిన ఇల్లు ఇది. ఆయన పోయింది ఈ నడిమి గదిలోనే. కాగితం అంటించిన సాయంత్రం అత్తగారు గోడ మీద చేయి వేసి చాలాసేపు అలాగే నిలబడింది. ఉందో లేదో చూసుకున్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆవిడ ముందు ఏడిస్తే తిడుతుందని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాను.

మర్నాడు వీధి వీధంతా కదిలింది. ముందు నడిచింది పక్కింటి నీలిమందు బాబాయి. తెల్లగుడ్డలకు నీలిమందు పెట్టేటప్పుడు ఆయన చేయి ఆగదు, అందుకని ఆ పేరు. గొంతు పెద్దది, అందుకని నాయకుడు. మాకు తెలిసిన రాజకీయం అంతే.

కాగితం పంపిన ఆఫీసులో ఆఫీసరు కంప్యూటరు తెర మావైపు తిప్పాడు. చుట్టూ ఊరు, మధ్యలో తెల్లటి ముక్క.

"మీరు చెప్పే చోటు ఇదే. ఏముందమ్మా ఇక్కడ?"

నిజం చెప్పొద్దూ, ముందు మాకు భయం వేయలేదు. పొంగిపోయాం.

అత్తగారు తెరకు ముక్కు ఆనించింది. "చూడవే, అంత ఎత్తునుంచి తీసినా ఒక్క మరక కనబడుతోందా?" అంది. ఒక మూల కాస్త నీలంగా ఉంది. "అది మాది! అది మా డాబా!" అని బాబాయి ఎగిరి గంతేశాడు. కాసేపు ఎవరి దుప్పట్లు ఏవో వెతుక్కుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, పెళ్ళి ఫోటో చూస్తున్నట్టు ఉండిపోయాం.

తరవాత సంగతి అర్థమైంది.

మా వీధిని ఎవరూ చెరపలేదు. మేమే... శుభ్రంగా ఉతికి, పిండి, ఆరేసి కప్పేశాం.

"అవి దుప్పట్లు బాబూ. వాటి కింద మేమున్నాం."

"ఉండొచ్చమ్మా. ఫోటోలో కనిపించాలి కదా. నేనొచ్చి చూసినా చెల్లదు, ఫోటోనే చెల్లుతుంది" అన్నాడాయన, మర్యాదగానే.

"అయితే మళ్ళీ తీయించండి."

"పైవాళ్ళు ఒప్పుకోవాలి."

పైవాళ్ళు ఎంత పైన ఉంటారో ఆయనకూ సరిగ్గా తెలిసినట్టు లేదు.

కాళ్ళరిగేలా తిరిగాం. ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. గేటు దగ్గర దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. దాని మీద బాబాయి నీలిమందుతో 'మా వీధి ఖాళీ కాదు' అని రాశాడు. ఆ దుప్పటి ఆస్పత్రిది. సాయంత్రానికి ఉతికి పంపాలి. రోజూ ఉదయం రాయడం, సాయంత్రం ఉతకడం... ఊళ్ళో ఎన్ని ధర్నాలు జరిగాయో గానీ, ఇంత శుభ్రమైన ధర్నా ఇంకోటి జరిగి ఉండదు.

అందరం వెళితే పని ఆగిపోతుంది. పని ఆగితే ఆస్పత్రివాళ్ళు వేరేచోట చూసుకుంటారు. అందుకని వంతులు వేసుకున్నాం. ఈ రోజు గేటు దగ్గరికి వెళ్ళినవాళ్ళ ఉతుకు మిగతా ఇళ్ళవాళ్ళు పంచుకోవాలి.

అదివరకు ఎవరి తొట్టి వాళ్ళదే. పక్కింటి సబ్బు ముట్టుకుంటే పాపం అన్నట్టు ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎవరి గలీబు ఎవరి తొట్టిలో నానుతోందో తెలియదు. నేను బాబాయి దుప్పట్లకు నీలిమందు తక్కువ పెట్టానని ఆయన రెండు పూటలా సణిగాడు. బాబాయి భార్య మా వసారాలో కూర్చుని మా కష్టాలు విన్నది, తన కష్టాలు చెప్పింది, మధ్యలో మా ఆయన ఇస్త్రీకి వంక పెట్టింది. మా ఆయన ఆ గలీబును మళ్ళీ ఇస్త్రీ చేశాడు. నాకు లోపల్లోపల భలే సంతోషం వేసింది.

చెప్పకూడదు గానీ, ఇల్లు పోతుందేమోనని వణికిన ఆ రోజుల్లోనే వీధి నాకు పుట్టిల్లులా అనిపించింది.

అత్తగారి వంతు వచ్చిన రోజు ఒక సంగతి జరిగింది.

ఆఫీసు హాల్లో కిటికీలకు తెరలు ఉన్నాయి. ఏ రంగువో వాటిని కుట్టినవాడికి కూడా గుర్తుండదు. దుమ్ముతో బిర్రుగా నిలబడి ఉన్నాయి. అత్తగారు కాసేపు వాటిని చూసింది. మొహం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. మురికి కంటపడితే ఆవిడ చేతులు ఊరుకోవు. బల్ల ఎక్కి తెరలు లాగేసి, మూట కట్టి ఇంటికి పట్టుకొచ్చింది. "కేసు పెడతారు అత్తయ్యా!" అని నేను మొత్తుకున్నాను. "పెట్టుకోమను. ఉతికిన గుడ్డలు సాక్ష్యం చెబుతాయి" అంది.

నాలుగుసార్లు నీళ్ళు మార్చాక తెలిసింది అవి లేత పసుపు తెరలని.

మర్నాడు ఆవిడే తీసుకెళ్ళి తగిలించింది. హాల్లోకి ఎండ వచ్చింది. గుమాస్తాలు కుర్చీల్లోంచి లేచి, కొత్తచోటికి వచ్చినట్టు చుట్టూ చూశారు. ఆఫీసరు గదిలోంచి బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇవి... ఎక్కడ ఉతికించారు?"

"ఖాళీ స్థలంలో బాబూ" అంది అత్తగారు. "అక్కడ మనుషులెవరూ ఉండరు కదా, వాటంతట అవే ఉతుక్కున్నాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత హాలంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వాడు, నవ్వి సిగ్గుపడ్డాడు. ఆ మధ్యాహ్నమే పైకి ఫోను చేశాడు. ఆ పైన ఇంకెవరికో చేయించాడు. మళ్ళీ ఫోటో తీయడానికి ఒక రోజు ఇచ్చారు. ఒక్కటే షరతు, ఆ రోజు పైన ఒక్క గుడ్డ కూడా ఉండకూడదు.

ఆ రోజుకు ముందంతా ముసురు.

గదుల్లో, తొట్లలో, బల్ల కింద, మంచం కింద తడిగుడ్డలు. ఆస్పత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. దుప్పట్లు అయిపోయాయని నర్సమ్మ ఏడుపు గొంతుతో అడిగింది. రేపు, రేపు అని బతిమాలుకున్నాం.

సరిగ్గా ఆ రోజు తెల్లవారేసరికి — ఎండ!

అలాంటి ఎండ నేను పుట్టాక చూడలేదు. కడిగిన ఆకాశం. పొడి గాలి. ఆరేస్తే గంటలో గలగలలాడే ఎండ. ఆ ఎండలో, ఖాళీ తాళ్ళ కింద, మేము చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అందరం డాబాల మీదే. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని. మా ఆయన తల దువ్వుకుని, చొక్కా మడత నలగకుండా శ్వాస బిగబట్టాడు. కింద యంత్రం తెచ్చిన అమ్మాయి పెట్టె విప్పుతూ, "చేతులు ఊపకండి, దిగిపోకండి, ఊరికే ఉండండి" అని అరిచింది.

ఊరికే ఉండడం. మా వీధికి చేతకాని పని అదొక్కటే.

అత్తగారికి ప్రాణం విలవిల్లాడింది. ఎండను చూస్తుంది. తాడును చూస్తుంది. "పోతోందే, ఎండంతా నేలపాలై పోతోందే" అని నా చెవిలో గొణుగుతుంది. కాసేపటికి చూద్దును కదా, కొంగు కిందనుంచి తడి గలీబు ఒకటి తీసి తాడు మీద పరుస్తోంది!

"వదినా! దించు, దించవమ్మా నీకు పుణ్యముంటుంది!" అని అటు డాబా మీంచి బాబాయి గావుకేక పెట్టాడు.

"చిన్నదేగా!"

"చిన్నదే! నీ నెత్తిని కప్పడానికి అది చాలు!"

ఆవిడ దించింది. దించి గుండెకు హత్తుకుని నిలబడింది. రవిక తడిసిపోతున్నా వదల్లేదు. జుమ్మని రొద దగ్గరికొస్తోంది. నేను ఆవిడ మోచేయి పట్టుకున్నాను.

అప్పుడు చూశాను.

అడ్డంగా ఒక్క గుడ్డ లేదు. డాబా తరవాత డాబా, దాని తరవాత ఇంకో డాబా... మలుపు దాకా, మలుపు దాటి అటువైపు దాకా. ప్రతి డాబా మీదా మనుషులు, ఎండకు కళ్ళు చికిలించుకుని, పైకి చూస్తూ. ఇన్నేళ్ళుగా వాళ్ళ విదిలింపులు వింటున్నాను, వాళ్ళందరినీ ఒక్క చూపులో చూడటం ఇదే మొదలు. మా వీధి ఇంత పొడుగని నాకు తెలియదు. మేమింతమంది ఉన్నామనీ తెలియదు.

కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, కదలొద్దన్నారుగా.

యంత్రం మా నెత్తి మీద ఆగింది. ఆగి, ముందుకు వెళ్ళింది. మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చి కిందికి దిగింది.

"కనిపించామా అమ్మాయ్?" అని అత్తగారు పిట్టగోడ మీంచి వంగి అడిగింది.

"అందరూ కనిపించారు పెద్దమ్మా" అంది ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటూ. "కాకపోతే చూడాల్సింది నేను కాదు కదా. పంపిస్తాను."

పంపించింది. ఇంకా ఏ కబురూ లేదు. గోడ మీద కాగితం వానకు సగం ఊడింది. మిగతా సగం అత్తగారు గీకేసింది, గోడ మురికిగా కనబడుతోందని.

ఆ రోజు యంత్రం వెళ్ళగానే వీధంతా ఒక్కసారిగా తొట్ల మీద పడింది. మిగిలిన కాస్త ఎండనూ వదలకూడదని పరుగులు. ఫట్! ఫట్! ఫట్! తాళ్ళు నిండాయి. తెలుపు మళ్ళీ కమ్ముకుంది.

చివరికి నా చేతిలో ఒక దుప్పటి మిగిలింది. మా డాబా మధ్య తాడు ఖాళీగా ఉంది. వేయబోయాను. అత్తగారు నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"అది వదిలెయ్."

"ఎండ పోతోంది అత్తయ్యా!"

"పోనీ. మనం కనబడొద్దూ?"

ఖాళీ తాడు కింద ఎండ చాపంత పడి ఉంది. అత్తగారు వెళ్ళి దాని మధ్యలో నిలబడింది. కొంగు సర్దుకుంది. నేనూ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. పైన ఏమీ లేదు, గాలి తప్ప. అయినా ఇద్దరం తలెత్తి, కాసేపు కదలకుండా...