వరిలో ఊద

సంచిలో రెండు లుంగీలు, మూడు బనీన్లు, తువ్వాల, కళ్లద్దాలు పెట్టాను. నీళ్ల సీసా తెచ్చేలోపు మా ఆయన సత్తయ్య వాటిని ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచేశాడు. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

"ఎవలు పోతున్నరే? చంద్రిక వస్తున్నదా?"

"నువ్వే పోతున్నవు. పట్నం దవాఖానకు."

"నాకేమైంది?"

"మతిమరుపు."

"నాకు చెప్పనే లేదు!"

నవ్వొచ్చింది. బట్టలు మళ్లీ సంచిలో సర్దాను. మా బిడ్డ చంద్రిక ఏదని రోజుకు పదిసార్లు అడుగుతాడు. పదిసార్లూ "డ్యూటీకి పోయింది" అంటాను. అందులో అబద్ధం లేదు.

ఆ దవాఖానలో వెంట్రుక కన్నా సన్నటి తీగలను మెదడులో జ్ఞాపకం నిలిచే చోట పెడతారట. ఏదైనా గుర్తొచ్చినప్పుడు అక్కడ పుట్టే కదలికను చిన్న యంత్రం నేర్చుకుని, మనిషి తడబడినప్పుడు అదే కదలికను అందిస్తుందట. ఇంకా పరీక్షలోనే ఉంది. భార్యగా నేను సంతకం పెట్టాలి. పోయిన వారం హరినాథ్ డాక్టరును అడిగాను, "సారూ, చెడ్డయి తీసేసి మంచియే నిలవెడ్తదా?" అని. ఆయన నవ్వాడు. "ఇది కలుపు తీయదమ్మా. మీరు ఏది ఎక్కువ తలపిస్తే అది బలపడుతుంది." అందుకే ఇంటివాళ్లు ఇరవై సంగతులు రాసి, రోజూ ఆయనకు చదివి వినిపించాలన్నాడు.

మా కొడుకు అనిల్ పంతొమ్మిది రాశాడు. హత్నూర పొలంలో వేసిన బోరు, తన పెళ్లి, ఈ కొల్లూరు ఇంట్లో పాలు పొంగించిన రోజు. ఇరవయ్యో గీత ఖాళీగా ఉంది.

"అమ్మా, ఇంకొక్కటి యాదికి వస్తలేదు. నువ్వు చెప్పు."

"మీ అక్క చంద్రిక సంగతి రాయి."

వాడి చేతిలో కలం ఆగింది. "పరేషాన్ చేయకమ్మా. ఆమె లేదని తెలిస్తే నాయిన తట్టుకుంటడా? మళ్ల నువ్వే పంపినవని మొదలువెడ్తె ఎవలకు తిప్పలు? నీకే. ఏదన్న మంచిది రాయి. నీ జొన్నరొట్టె ముచ్చట రాయి." కలం నా చేతిలో పెట్టి, ఆటో కోసం కిందికి వెళ్లాడు.

వాడి మాట నిజమే. మతిమరుపు మొదలైన ఈ మూడేళ్లుగా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెడితే "నువ్వు తిన్నవా?" అని అడుగుతున్నాడు. నలభై ఏళ్లలో వినని మాట అది. ఆ యంత్రం పెడితే ఈ మనిషి పోయి పాత సత్తయ్య వస్తాడేమోనని భయం. సంతకం పెట్టనంటే అడిగేవాళ్లు కూడా లేరు. కానీ ఆయన పూర్తిగా మరిచిపోతే, చంద్రిక పోయిన రోజు ఇంట్లో ఏం జరిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగులుతాను. నా తర్వాత లోకంలో ఆయన చెప్పిన మాటే ఉంటుంది.

పటాన్‌చెరు దగ్గర పంటల పరిశోధన క్షేత్రంలో ఇరవై ఏళ్లు కలుపు తీశాను. మడి పక్క పాతిన పేర్ల చీటీలు చూసి చూసి, ఇంటికొచ్చి చంద్రిక బడి పుస్తకాల్లో వెతికి అక్షరాలు నేర్చుకున్నది అప్పుడే. అక్కడి వీరలక్ష్మి మేడం ఒకరోజు వరిలో కలుపుగా పెరిగే ఊద మొక్క పీకి చూపించింది. "దీన్ని ఇలా వరిలా చేసింది కలుపు తీసే మీ ఆడవాళ్లే రాధమ్మా," అంది. వేరుగా కనబడినదాన్నల్లా ఆడవాళ్లు పీకేశారు. వరిలా కనబడినది బతికి గింజ రాల్చింది. దాని పిల్లల్లో మరింత వరిలా ఉన్నది మిగిలింది. అలా వెయ్యేళ్లలో గడ్డి వరి వేషం కట్టిందట. ఆ రోజంతా నడుము వంచి అదే ఆలోచించాను. నా అత్తగారింట్లో నేను బతికిందీ అలాగే కదా. వేరుగా కనబడకుండా.

ఊదను పట్టుకోవాలంటే ఆకు కాడను కలిసే చోట విప్పి చూడాలి. వరికి అక్కడ సన్నటి తెల్ల పొర ఉంటుంది, ఊదకు ఉండదు. సత్తయ్యకు ఆ తేడా ఎన్నడూ తెలియలేదు. పెళ్లయిన ఏడాది వరిని పీకి ఊదను ఉంచాడు. మడి నిండా ఊద వెన్నులు లేచాక మామ అరిస్తే, "నీ కోడలే పీకింది" అన్నాడు. పొద్దంతా నా పక్కనే ఉన్న ఆడబిడ్డ ముత్యమ్మ నేల చూసింది. నేనూ నేలే చూశాను. అప్పుడే నోరు తెరిచి ఉంటే రెండోసారి అంత సులువుగా ఆ మాట అనేవాడు కాదేమో.

జిన్నారం వైపు మందు గోలీల కంపెనీలో చంద్రికకు పని. ఆ రోజు "అమ్మా, ఆ వాసనకు తల తిరుగుతున్నది, ఇయ్యాల పోను" అంది. నా దిక్కే చూస్తూ అంది. ఆయన గడపలో నిలబడి, "ఒక్కదినం పోకుంటె పేరు కొట్టేస్తరు. నడువ్" అన్నాడు. నేను సద్ది కట్టాను. కంపెనీ బస్సు హారన్ కొట్టింది. కంపెనీలో రియాక్టర్ పేలిందని వార్త వచ్చాక, వాకిట్లో జనం ముందు ఆయన నా వైపు వేలు చూపించాడు. "తల్లే పంపింది. వద్దన్న, ఇన్లే." అనిల్ అప్పుడు హాస్టల్లో ఉన్నాడు. వాడు విన్నది ఆ మాటే.

కింద ఆటో ఆగింది. కలం ఎత్తాను. ముందు దవాఖాన కాగితం మీద సంతకం పెట్టాను, తర్వాత ఇరవయ్యో గీత నింపాను.

"ఏం రాస్తున్నవే?" సత్తయ్య పక్కన కూర్చున్నాడు. "నాకు చదివి చెప్పు."

దవాఖానలో రోజూ చదవాల్సిందే కదా. చదివాను.

"రెండువేల పద్నాలుగు, ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. తల తిరుగుతున్నదంటె నువ్వు నడువ్ అన్నవు. నేను సద్ది కట్టిచ్చిన. రెండో షిఫ్టుకు పోయిన చంద్రిక మళ్ల రాలేదు."