కత్తెర అందిన వయసు

ఆ ఇంట్లో "పెద్దదయింది" అనే మాటకు వయసుతో పని లేదు. కుట్టు దుకాణంలో అమ్మ కత్తెర ఎవరి చేతికి అందితే వాళ్ళే పెద్దవాళ్ళు. పెద్దక్కకు పదిహేడో ఏట అందింది, చిన్నక్కకు ఇరవైలో. అందరికంటే చిన్నదైన బుజ్జికి ముప్పైతొమ్మిది నిండాయి, చెంపలు నెరిశాయి, కాలేజీకి వెళ్ళే కూతురుంది. ఇంకా గుండీలే కుడుతోంది. బరువులు మోయాల్సి వస్తే "ఇంత పెద్దదానివి కదా" అంటారు. సలహా చెప్పబోతే "చిన్నపిల్లవి, నువ్వూరుకో" అంటారు. బుజ్జికి ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజు ఒక గాయని కోటు కోసం ముదురు ఎరుపు మఖమల్ వచ్చింది. మర్నాడే కచేరీ. ఆ రంగు బజారంతా గాలించినా ఇంకో మూర దొరకదు. అమ్మ బట్ట తిరగేసి పరిచి, సుద్దతో గీసి, కత్తెర తీసింది.

బుజ్జి అంచు ఎత్తి నిమిరింది. మఖమల్ నూగు ఒకవైపే వాలుతుంది. ముక్కలన్నీ ఒకే దిక్కుగా కోయకపోతే కోటుకు ఒక చెయ్యి ఎర్రగా, ఇంకో చెయ్యి నల్లగా కనిపిస్తుంది. అమ్మేమో బట్ట కలిసొస్తుందని ఎడమచేతి ముక్కను తలకిందులుగా గీసింది. మామూలు బట్టకైతే ఆ పొదుపే ఆమెకు పేరు తెచ్చింది. యాభై ఏళ్ళ అలవాటు మరి.

చెబితే అమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే బట్ట పోతుంది. బుజ్జి కత్తెర ముందు అరచెయ్యి పెట్టేసింది.

"చెయ్యి తియ్యవే! వేళ్ళు తెగుతాయి!" అంది అమ్మ.

"తెగితే మానతాయమ్మా. బట్ట తెగితే మానదు. ఈ ఎడమచేతి ముక్క తిరగబడింది, ఓసారి నిమిరి చూడు."

"చిన్నదానివి, నీకేం తెలుసే?" పక్కనే కుడుతున్న పెద్దక్క అందుకుంది.

"నువ్వాగు," అంటూ అమ్మ నిమిరింది. మళ్ళీ నిమిరింది. ముఖం కందిపోయింది. "నిజమే. కానీ తిప్పి గీస్తే బట్ట చాలదే."

"చాలుతుంది. కాలరు లోపలివైపు లైనింగు గుడ్డ వేద్దాం. అక్కడ మిగిలే జాగా కలిస్తే చెయ్యి తిప్పి గీయొచ్చు."

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కత్తెర తిప్పి, పిడివైపు చాపింది. "అయితే నువ్వే కొయ్యి. నాకంటే నీకే బాగా కనిపిస్తోంది."

బుజ్జి కత్తెర అందుకుని, ముందు ఎడమచేతి ముక్కను తిప్పి గీసింది. ఒక్క గీత దాటకుండా కోటు మొత్తం కోసింది. ఆనందం పట్టలేక మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా.

సాయంత్రానికి కుట్టు పూర్తయింది. రెండు చేతులూ ఒకే ఎరుపు.

"గుండీలు ఎవరు కుడతారే?" అంది అమ్మ.

బుజ్జి సూదిలో దారం ఎక్కించి పెద్దక్క చేతికిచ్చింది.