ముట్టరాని జెండా

వర్షర్తువు వెనుదిరిగి చూచుచుఁ జూచుచు నిష్క్రమింపఁగా శరల్లక్ష్మి శుభ్రాభ్రదుకూలమును ధరించి విశాఖ కొండల భుజములపై నడుగిడెను. అపరాహ్ణభాస్కరకిరణములు సముద్రతరంగములపైఁ బడి చిట్లి తీరోపకంఠమందలి గోల్ఫు మైదానముయొక్క మరకతశ్యామలమైన పచ్చికపై బంగారుపొడివలె రాలుచుండెను. ఒండొంటికి దవ్వుగా నాటఁబడిన పదునెనిమిది కఱ్ఱలకొనలయందు ఎఱ్ఱని జెండాలు సాగరానిలమునకు రెపరెపలాడుచుండెను. నగరమందు అంబులెన్సులు మూలుగుచుండెను. జనులు మూతులకు గుడ్డలు గట్టుకొని యొకరినొకరు దొంగలవలెఁ జూచుకొనుచుండిరి. ఇక్కడ మాత్రము ఆట. అవును, ఆటయే.

ఆ క్లబ్బునకుఁ గెప్టెను కుమారవర్మ. మహమ్మారిభయముచే మూఁతపడిన మైదానమును ఆ వేసవితుదను మరలఁ దెఱచునాఁడు ఆయన యొక తాత్కాలికనియమమును స్వహస్తముతో వ్రాసి సంతకము చేసి వాకిటి పలకపై నంటించెను. గుంతలోని జెండాకఱ్ఱను చేతితో ముట్టరాదు. ముట్టినవారు ఆటగాండ్రైనను సంచి మోయువారైనను ఆ యేఁటి యాటలన్నిఁటినుండి వెలి. ఒకరు ముట్టినది మఱియొకరు ముట్టిన రోగము ప్రాఁకునని కదా భయము. అందులకే గుంతలో స్పంజి నుంచి బంతి లోనికిఁ బడక పైననే నిలుచునట్లు గూడ నేర్పఱచిరి. నియమము మంచిదే. మంచినియమము చెడ్డవాని చేతఁ బడిన నేమగునో వినుఁడు.

సన్యాసి యనువాఁడు ముప్పదిరెండేండ్లుగా అచట సంచులు మోయు క్యాడీ. బంతి గుంతను సమీపించినతోడనే జెండాకఱ్ఱను పెఱికి ప్రక్కకుఁ దొలఁగుట క్యాడీధర్మము. అన్నేండ్లు చేసిన పని బుద్ధిలో నుండదు, చేతిలోఁ గాపురముండును. తెఱచిన మొదటినాఁడే కుమారవర్మ బంతి గుంతకడకు దొర్లఁగా సన్యాసి చేయి తనంతఁ దాను పోయి కఱ్ఱను పెఱికెను.

“మరిసిపోనాను బాబూ,” అని యాతఁడు తడఁబడుచుఁ గఱ్ఱను మరల నాటెను.

“మరిచిపోవడానికి నీకు బుర్రంటూ ఉంటే కదరా. ఊళ్ళో రోగమంతా తెచ్చి నా జెండాకి పూస్తావా?”

అంతటితోఁ బోనిచ్చెనా? లేదు. తోఁటమాలిని బిలిచి మొక్కలకుఁ బురుగుమందు కొట్టు పంపుతో ఆ వృద్ధుని చేతులపై బ్లీచింగునీరు గొట్టించెను. ఎండలో నిలువఁబెట్టి నియమమును పదిమాఱులు చదివించెను. చొక్కాపైనున్న ఇత్తడిబిళ్ళను ఊడఁదీయించెను. మెంబర్లు టీ త్రాగుచుఁ జూచిరి. ఒక్కఁడును అయ్యో యనలేదు. నాఁటినుండి సన్యాసి అఱువదవయేఁట చేపలరేవులో మంచుపెట్టెలు మోసెను. బొబ్బలెక్కిన అఱచేతులకు ఉప్పునీరు తగిలి మండినప్పుడెల్ల ఆ నియమమును మనసులో నొకమాఱు చదువుకొనెను. మఱువకుండుటకు.

ఈ శరత్కాలమునఁ గప్పుపోటీ తుదిదినము వచ్చెను. విశ్రాంత నౌకాదళాధికారియైన దామోదరము ఆటలోఁ గుమారవర్మకు సమఉజ్జీ. గుంతలచుట్టు నేల యెటు వాలునో సన్యాసికిఁ దెలిసినట్లు మఱియొకనికిఁ దెలియదు. కావున వర్మ శిక్ష మాఫీ చేసితిననుచుఁ గారు పంపెను. వెలివేయుటయుఁ దానే, వెలి యెత్తుటయుఁ దానే.

“ఎల్తావేటి ఆడికాడికి? సిగ్గునేదా?” అని భార్య నూకాలమ్మ యడిగెను.

“ఎల్తాను. ఆడితో ఓ పనుండిపోనాది,” అని సన్యాసి చెప్పులు దొడిగెను.

ఆట సాగెను. వర్మ చేయి మాత్రము అలవాటు లేనిదా? గుంతకడకుఁ బోయిన ప్రతిమాఱును ఎడమచేయి కఱ్ఱవైపునకుఁ జాఁగును. ప్రతిమాఱును వెనుకనుండి సన్యాసి మెల్లగా “జెండా, బాబూ” యనును. చేయి వెనుకకుఁ బోవును. ఇట్లు పదునాఱు గుంతలు గడచెను. పదునేడవదానికడ దామోదరము నవ్వెను.

“వర్మగారూ, రూలు రాసింది మీరు, కంఠస్థం చేసింది మీ క్యాడీ.”

వర్మ మోము జేవుఱించెను. “ఇంకోసారి ఆ మాటన్నావంటే పళ్ళు రాలతాయి. నోరు మూసుకుని సంచి మొయ్యి,” అని సన్యాసిపై విఱుచుకుపడెను.

“సిత్తం బాబూ. ఇంకననను.”

పదునెనిమిదవ గుంత. దామోదరము తన యాట ముగించి ప్రక్కకు నిలిచెను. వర్మబంతి గుంతకు మూరెడుదూరమున నుండెను. దానిని తాఁకించినఁ జాలును, కప్పు వర్మది. వరండాయందలి మెంబర్లు చప్పట్లకుఁ జేతులెత్తి సిద్ధముగా నుండిరి. జయోన్మాదమత్తుఁడైన వర్మ సింహమువలె నడచి వచ్చెను. ఎడమచేయి కఱ్ఱవైపునకుఁ జాఁగెను. సన్యాసి చూచెను. మాట నాలుకచివరివఱకు వచ్చెను. ముప్పదిరెండేండ్ల ధర్మ మొకవంక, బ్లీచింగువాసన యొకవంక. అతఁడు పండ్లు బిగించెను.

వర్మ కఱ్ఱను పెఱికెను. కుడిచేతనున్న ఆటకఱ్ఱతో బంతిని తాఁకించెను. బంతి స్పంజిపైఁ జేరెను. విజయధ్వజమువలె ఆ జెండాకఱ్ఱనే పై కెత్తెను.

చప్పట్లు లేవు.

“చేతిలో ఏముందో చూసుకోండి,” అనెను దామోదరము.

చూచుకొనెను. మోము పాలిపోయెను. “చెప్పలేదేంరా?” అని సన్యాసివైపునకుఁ దిరిగెను.

“సెప్పొద్దన్నారు గదా బాబూ.”

“కావాలనే చేశావు.”

“అవును బాబూ,” అని సన్యాసి సంచిని నేలపై దించెను. “రూలు సదవమంటారా? పదిసార్లు సదివించినారు. ఇది పదకొండు.” తడఁబాటు లేక మొదటినుండి తుదివఱకుఁ జదివెను.

మెంబర్లు పలకవంకఁ జూచిరి. మాటలన్నియు యథాతథముగా నుండెను, క్రింద వర్మసంతకముతోసహా. తోఁటమాలి యెవ్వరు నడుగకయే పంపు తెచ్చి వర్మ చేతులపై బ్లీచింగునీరు గొట్టెను. వర్మ కఱ్ఱను జాఱవిడిచి, తడిసిన చేతులను ఎటు దాఁచవలెనో తెలియక, వానిని దేహమునకు దూరముగాఁ బట్టుకొని వెడలిపోయెను.

“సన్యాసీ, ఆ కర్ర గుంతలో పెట్టెయ్,” అనెను దామోదరము.

“నాను ముట్టకూడదు బాబూ. రూలు.” అతఁడు వెనుదిరిగి చూడక గేటువైపునకు నడచెను.

క్షమ సాధుభూషణమని పెద్దలందురు. కావచ్చును. అయినను అడుగనివానికి క్షమను పంచిపెట్టుట సంచులు మోయువాని పని గాదు. నాఁడు సూర్యుఁడు కొండవెనుకకు దిగువఱకు ఆ జెండా పచ్చికపైఁ బడియే యుండెను. సముద్రపుగాలి దాని ఎఱ్ఱనిగుడ్డను లేవనెత్తుచు విడుచుచుండెను. వంగి తీయుట కొక్కనికిని జేయి రాలేదు.